పాలపిట్టకు ఏడు అద్దకాలు

నిన్న రాత్రి పదకొండున్నరకు పాలపిట్ట బొమ్మకు ఏడో రంగు వేసి ఆపేశాను. ఫిబ్రవరి నెలాఖరులో మొదలుపెట్టిన పని, జూన్ రెండో వారానికి అయింది. ఇరవై కాగితాలతో మొదలుపెడితే పదకొండు నిలిచాయి, మిగతా తొమ్మిదీ దారిలో ఒక్కో రంగు దగ్గర పోయాయి. ఆ పదకొండూ ఇప్పుడు నడింట్లో బట్టలారేసే తీగకు క్లిప్పులతో వేలాడుతున్నాయి, ఇల్లంతా అవిసె నూనె వాసన. పొద్దున అమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వాటి కిందే నిలబడి చాలాసేపు చూసింది. "ఏందమ్మీ, ఇన్ని పిట్టలూ ఒకే పిట్టా?" అంది. అవునమ్మా, ఒకే పిట్ట, ఒకే లినో పలక, దాన్నే ఏడుసార్లు అద్దాను అన్నాను. "ఒకేసారి రంగులేస్తే సరిపోయేది గదా" అని వంటింట్లోకి పోయింది. సరిపోదు. ఎందుకు సరిపోదో రాయాలనే ఇవాళ కూర్చున్నాను.

లినోకట్ అంటే ఏమిటో మా స్కూల్ స్టాఫ్ రూంలో ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పాల్సి వస్తుంది, ఇక్కడా చెప్పేస్తాను. లినోలియం అని మెత్తటి పలక ఉంటుంది, బూడిద రంగులో, వెనకవైపు గోనెగుడ్డ నేత కనిపిస్తూ. దాని మీద చిన్న ఉలులతో చెక్కుతాం. చెక్కగా మిగిలిన ఎత్తు భాగానికి రోలర్‌తో ఇంకు పట్టించి, పైన కాగితం పరిచి వెనకనుంచి గట్టిగా రుద్దితే బొమ్మ కాగితం మీదికి దిగుతుంది. చెక్కేసిన చోట రంగు అంటదు. బొమ్మ తిరగబడి వస్తుంది కాబట్టి కుడివైపు చూడాల్సిన పిట్టను పలక మీద ఎడమవైపు చూస్తున్నట్టు గీసుకోవాలి. పెడనలో కలంకారీ చీరల మీద టేకు అచ్చులతో అద్దుతారే, అదీ ఇదీ దగ్గరి చుట్టాలే. అందుకే నాకు ప్రింట్ అనడం కన్నా అద్దకం అనడమే ఇష్టం.

ఈ లినోలియం అసలు బొమ్మల కోసం పుట్టింది కాదు. 1860లలో ఇంగ్లండులో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన రంగు డబ్బాలో అవిసె నూనె మీద రబ్బరులా కట్టిన పొరను చూసి, ఆ నూనెను గట్టిపరిచి, కార్క్ పొడి కలిపి, గుడ్డ మీద పరిచి నేల మీద వేసుకునే చాపలాంటిది తయారుచేశాడు. 1863లో పేటెంట్ తీసుకున్నాడు. చెక్కలా దీనికి ఈనెలు ఉండవు, ఉలి ఎటు తిప్పితే అటు పోతుంది, అందుకే తర్వాత్తర్వాత చిత్రకారుల చేతికి వచ్చింది. మన దగ్గర లినోకట్ అనగానే నాకు గుర్తొచ్చేది నందలాల్ బోస్ 1930లో చేసిన గాంధీ బొమ్మ. ఉప్పు సత్యాగ్రహానికి చేతికర్ర పట్టుకుని ముందుకు వంగి నడుస్తుంటాడే, అదే. నలుపూ తెలుపూ తప్ప ఇంకో రంగు లేదు. పదేళ్ల కిందట ఆ బొమ్మను మొదటిసారి శ్రద్ధగా చూసినప్పుడు, ఆ పంచె ముడతలన్నీ గీసినవి కావు, చెక్కేస్తే వచ్చిన తెలుపు అని అర్థమైన క్షణం నాకు బాగా గుర్తుంది. మరుసటి వారమే ఒక ఉలుల సెట్టు తెప్పించుకున్నాను. మొదటి మూడేళ్లూ నేనూ నలుపు తెలుపే చేశాను. వేపాకు, సీతాఫలం, మా మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు. మిరపకాయల దగ్గరే చిక్కొచ్చింది. ఎర్రగా లేని మిరపకాయ నాకు ఎంత చూసినా మిరపకాయలా అనిపించలేదు.

పాలపిట్ట సంగతికి వస్తాను. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం అవ్వను చూడ్డానికి జమ్మలమడుగు వైపు పోతున్నాం. కడప నుంచి ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా దారి. శనగ కోతలు అయిపోయి నల్లరేగడి చేలు ఖాళీగా, నెర్రెలు విచ్చి పడున్నాయి. కారులో గుంటూరు నుంచి వచ్చిన మా పిన్నమ్మ కూతురు ఉంది. కిటికీలోంచి చూస్తా "మీ వైపు ఎటు చూసినా ఒకటే రంగక్కా, బూడిద" అంది. తను తప్పు మాట అనలేదు, కనిపించిందే చెప్పింది. అప్పుడే ముందు కరెంటు తీగ మీద పాలపిట్ట. కూర్చున్నప్పుడు అదీ బూడిద పిట్టే: మట్టిరంగు వీపు, ఉల్లిపొర రంగు రొమ్ము, పెద్ద తల. చేలో మిడత కనిపించిందేమో, తీగ వదిలి కిందికి దూకింది. రెక్కలు విప్పడంతోటే ముదురు నీలం, లేత నీలం, మళ్లీ ముదురు, పట్టీలు పట్టీలుగా, ఆ నల్లటి చేను మీద అంతా ఒక్క రెప్పపాటు. మళ్లీ పోయి తీగ మీద కూర్చుంది, మళ్లీ బూడిద. మా చెల్లెలు "ఏంటక్కా అది!" అని అరిచింది. నేను జవాబు చెప్పలేదు, అప్పటికే లోపల లెక్కపెట్టుకుంటున్నా, ఎన్ని రంగులు, ఏది ముందు, ఏది తర్వాత అని.

అవ్వ ఊళ్లో పక్కింటి పిల్లోడు ఒకడున్నాడు, ఏడో తరగతి. పిట్టలంటే ప్రాణం. పాలపిట్ట కావాలంటే నాతో రా అక్కా అని చేను గట్ల వెంట అర కిలోమీటరు నడిపించి, తల తెగిన మోడు తాటిచెట్టును చూపించాడు. దాని తొర్రలో గూడు పెట్టబోతున్నాయంట. "సూడక్కా, ఇప్పుడు పైకి పోయి పల్టీలు గొడ్తాది" అన్నాడు. అన్నట్టే ఒకటి నిట్టనిలువుగా పైకి ఎగిరి, అక్కడ్నుంచి పక్కకు పక్కకు దొర్లుకుంటా, కీచుమని అరుచుకుంటా కిందికి పడింది, జతకట్టే కాలంలో అలా చేస్తాయి. ఇంగ్లీషులో దీన్ని రోలర్ అనేది ఆ దొర్లుడు చూసే. నా చేతిలో ఇంకు రోలర్ పేరూ అదే కావడం నాకు ఎందుకో చాలా నచ్చింది. ఆ రోజూ ఆ తర్వాత రెండు ఆదివారాలూ అక్కడే కూర్చుని పెన్సిల్‌తో ముప్పై దాకా బొమ్మలు గీశాను. ఫోనులో తీసినవన్నీ మసకగానే వచ్చాయి, గీసినవే పనికొచ్చాయి. చివరికి ఎంచుకున్న భంగిమ, తీగ వదలబోతూ రెక్కలు సగం విప్పిన క్షణం. అందులో మట్టిరంగూ కనబడుతుంది, నీలమూ కనబడుతుంది.

తాటిచెట్టు కింద రాలిన ఈక ఒకటి దొరికింది. నేను ఎనిమిదో తరగతికి జీవశాస్త్రం చెప్తాను కాబట్టి చెయ్యి ఆగలేదు, అక్కడే ఆ పిల్లోడికి చూపించాను. ఈకను ఎండ పడేలా పట్టుకుంటే నీలం జిగేల్మంది. అదే ఈకను కంటికీ సూర్యుడికీ మధ్య అడ్డం పట్టుకుంటే నీలం మాయం, మాసిన గోధుమ రంగు. వాడు నోరు తెరిచాడు. పాలపిట్ట ఈకలో నీలం రంగు పదార్థం లేదు. ఈకలోని సన్నటి పోగుల్లో స్పాంజిలాంటి నిర్మాణం ఉంటుంది, దాని సందులు ఎంత చిన్నవంటే వెలుగులో నీలాన్ని మాత్రమే తిప్పి మన కంటికి కొడతాయి. ఆ ఈకను రోట్లో వేసి నూరితే వచ్చేది గోధుమ రంగు పొడే. ఈకను చెట్టు మొదట్లోనే పెట్టేసి వచ్చాం. దారంతా నాకు ఒకటే ఆలోచన, పిట్టకు నీలం అక్కర్లేకుండానే నీలం ఉంది, నేను మాత్రం డబ్బాలోంచి తీసి కలపాలి.

ఇప్పుడు ఏడు సార్లు ఎందుకు అనే దానికి. రంగుల లినోకట్‌కు రెండు దారులున్నాయి. ఒకటి, రంగుకో పలక. లండన్‌లో క్లాడ్ ఫ్లైట్ అనే ఆయన 1920ల చివర్లో ఈ పద్ధతి నేర్పి ఒక తరాన్ని తయారుచేశాడు. మూడు నాలుగు పలకలు ఒకదానిమీద ఒకటి అద్ది, నల్లటి గీతల అవసరమే లేకుండా బొమ్మ నిలబెట్టేవాళ్లు. రెండోది, అన్ని రంగులూ ఒకే పలకతో. 1950ల చివర్లో పికాసో ఫ్రాన్స్‌లోని వల్లోరీ ఊళ్లో ఈ రెండో దారిలో చాలా చేశాడు, దీనికి పేరొచ్చింది ఆయన వల్లే. ముందు తెల్లగా ఉండాల్సినవి చెక్కేసి, లేత రంగు అన్ని కాగితాలకూ అద్దాలి. తర్వాత అదే పలక మీద ఆ లేతరంగు ఎక్కడెక్కడ మిగలాలో అదంతా చెక్కేసి, దానికన్నా ముదురు రంగు పైన అద్దాలి. మళ్లీ చెక్కు, మళ్లీ అద్దు. ప్రతి రంగుకూ పలక కొంచెం కొంచెం తరిగిపోతుంది. నేను పట్టుకున్నది ఈ రెండో దారి. ఇందులో వెనక్కి పోవడం ఉండదు. రెండో రంగుకు చెక్కాక మొదటి రంగు ఇంకో కాగితం మీద వేద్దామంటే ఆ పలకే లేదు. ఎన్ని కాపీలు కావాలో మొదటి రోజే తేల్చుకోవాలి, ఆ తర్వాత తగ్గడమే తప్ప పెరగడం లేదు. నాకు ఈ పని మీద ఇంత పట్టు రావడానికి అదే కారణం, ప్రతి రంగు దగ్గరా ఏం ఉంచాలి, ఏం వదలాలి అని నిజంగా ఆలోచించాల్సిందే.

నోట్‌బుక్కులో వరస రాసుకున్నాను. తెల్లవారుజాము ఆకాశానికి లేత పసుపు, రెక్క పట్టీలకు లేత నీలం, రొమ్ముకు ఉల్లిపొర రంగు, గట్టు మీద ఎండుగడ్డి రంగు, వీపుకు పచ్చ కలిసిన మట్టిరంగు, రెక్క అంచులకు ముదురు నీలం, ఆఖరున నల్లరేగడి. ఆ నలుపే ముక్కుకూ, కంటి పక్క గీతకూ, కరెంటు తీగకూ.

లినో పలక ఆన్‌లైన్లో తెప్పిస్తే, తెచ్చిన కొరియర్ వాళ్లు దాన్ని మడిచి పంపారు. పాతబడిన లినో పెళుసు, మధ్యలో నిలువునా చీలింది. ఫోన్ చేస్తే చూస్తాం అన్నారు, అంతే, ఇంకో పలకకు మళ్లీ డబ్బు కట్టుకుని పదిరోజులు ఆగాను. వేసవి సెలవులు మొదలయ్యేదాకా అసలు పని ఊపందుకోలేదు.

మే నెలలో కడపలో మిద్దె కింద గదిలో పని అంటే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. మంచు దేశాలవాళ్లు లినోను మెత్తబరచడానికి ఇస్త్రీ పెట్టెతోనో హెయిర్ డ్రయర్‌తోనో వేడి చేసుకుంటారు. మాకు ఆ బాధ లేదు, కిటికీ పక్కన పెడితే అరగంటలో వెన్నలా అయిపోతుంది, ఉలి జారిపోయేంత మెత్తగా. ఇంకు మాత్రం వేడికి తొందరగా జిగటెక్కుతుంది. ఇక్కడ నాకు సాయం చేసింది మా కడప బండ. మేము వంటగట్టు కట్టించినప్పుడు మిగిలిన నల్ల బండ ముక్క, అడుగున్నర పొడవు, ఒకవైపు నున్నగా పాలిష్ పట్టింది. అందరూ అద్దం పలక మీద ఇంకు పరుస్తారు, నేను ఈ బండ మీద పరుస్తాను. మధ్యాహ్నం రెండింటికి కూడా అది చల్లగానే ఉంటుంది, ఇంకు గంటసేపు తాజాగా నిలుస్తుంది. ఒకే ఒక్క ఇబ్బంది, నల్ల బండ మీద రంగు అసలు రూపం తెలీదు. అందుకని రంగు కలపడమంతా కింద తెల్ల కాగితం పెట్టిన గాజుముక్క మీద, పరవడం మాత్రం బండ మీద. ఇంకు సరిగ్గా పరుచుకుందో లేదో కంటితో కాదు, చెవితో చూడాలి. రోలర్ ముందుకీ వెనక్కీ దొర్లిస్తుంటే మొదట్లో పచపచమని జిగురు చప్పుడు వస్తుంది. పరిచేకొద్దీ అది సన్నబడి, దూరంగా ఎవరో పోపు వేస్తున్నట్టు చిరచిరమనే చప్పుడుగా మారుతుంది. ఆ చిరచిర వినిపించిందంటే పలక మీదికి ఎత్తొచ్చు. అంతకన్నా ముందు ఎత్తితే సన్నటి గీతలన్నీ ఇంకుతో పూడిపోతాయి. ఈ చప్పుడు పట్టుకోవడానికే నాకు ఏడాది పట్టింది.

ఫ్యాన్ వేసుకోవడానికి లేదు, కాగితాలు లేస్తాయి. మెడలో తువ్వాలు వేసుకుని, కాగితం మీద చెమట చుక్క పడకుండా ముఖం పక్కకు తిప్పుకుని రుద్దాలి. నాకు అచ్చు వేసే ప్రెస్సు లేదు. చెక్క గరిటె వెనకభాగంతో రుద్దుతాను, ఒక్కో కాగితానికి పది నిమిషాలు, రంగుకు ఇరవై కాగితాలంటే రెండు పూటలు. రుద్దుతుంటే కాగితం వెనక బొమ్మ కొద్దిగా తేలి కనిపిస్తుంది, ఎక్కడ అంటింది, ఎక్కడ అంటలేదు అని. ఒక మూల ఎత్తి చూసి, చాలకపోతే మళ్లీ పరిచి అక్కడే రుద్దుతాను. అట్టముక్కతో ఎల్ ఆకారంలో ఒక మూల కట్టుకున్నాను, పలకను ప్రతిసారీ ఆ మూలకు ఆనించి పెడితే ఏడు రంగులూ ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. అర మిల్లీమీటరు తప్పినా పిట్ట కన్ను నుదుటి మీదికి పోతుంది.

మొదటి రంగు పసుపు. సులువుగానే పోయింది, ఒక కాగితం మాత్రం వెంట్రుక పడి పోయింది. రెండో రంగు కోసం ఆకాశమంతా చెక్కేశాను, అది పెద్ద చోటు, వెడల్పు ఉలితో రెండు రోజులు, బొటనవేలి కింద పొక్కు వచ్చింది. తర్వాత లేత నీలం కలిపి గాజు మీద చూసుకుంటే ఎంత బావుందో, సరిగ్గా తీగ వదిలినప్పటి రెక్క. తీసుకెళ్లి అద్దాను. కాగితం ఎత్తి చూస్తే చిలకపచ్చ! కళ్లు చెదిరిపోయాయి. ఇంకోటి అద్దాను, అదీ చిలకపచ్చే. నమ్మబుద్ధి కాక మూడోది కూడా. కింద పసుపు ఉంది, పైన వేసిన నీలం పల్చటిది, రెండూ కలిస్తే పచ్చ కాక ఏమవుతుంది! బళ్లో పిల్లలకు చెప్పే విషయమే, చేతిలో రోలర్ ఉన్న సంతోషంలో మర్చిపోయాను. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా పాలపిట్టను తీసేసి రామచిలుకను పెట్టారు, పాలపిట్ట తెలంగాణకు ఉండిపోయింది. ఆ మూడు కాగితాలు చూస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది, చాలా బాధేసింది, ఎందుకంటే మా జమ్మలమడుగు తీగల మీద కూర్చునేది ఇప్పటికీ పాలపిట్టే కదా.

పలక తుడిచేశాను. శనగనూనెలో గుడ్డ ముంచి తుడిస్తే ఇంకు మొత్తం వచ్చేస్తుంది, తర్వాత సబ్బునీళ్లు. ఈసారి ముందు తెల్లరంగు తీసుకుని అందులోకి నీలాన్ని చిటికెడు చిటికెడు కలుపుకుంటూ వచ్చాను. తెలుపు కలిస్తే ఇంకు చిక్కబడి కింది రంగును కప్పేస్తుంది. నీలంలోకి తెలుపు కాదు, తెలుపులోకి నీలం, ఈ వరస ముఖ్యం. మొదటి మెతుకంత నీలానికే సగం తెలుపు మారిపోతుంది కాబట్టి అటునుంచి వస్తే డబ్బాలకు డబ్బాలు అయిపోతాయి. మిగతా పదహారూ బాగా వచ్చాయి. ఆరడానికి రెండు రోజులు.

మూడో రంగు ఉల్లిపొర, నాలుగోది ఎండుగడ్డి, వాటి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నాలుగో రంగప్పుడు కరెంటు పోయి వచ్చింది, స్విచ్ వేసే ఉన్న ఫ్యాన్ తిరిగి రెండు కాగితాలు పక్కకు జరిగాయి, అవి పోయాయి. ఉల్లిపొర రంగు కలపడానికి మాత్రం అమ్మ చేత నిజంగానే రెండు ఉల్లిపాయలు ఒలిపించి పొర పక్కన పెట్టుకున్నాను. దగ్గర్నుంచి చూస్తే అందులో గులాబీ ఉంది, ఊదా ఉంది, ఎండకు పెడితే రాగి రంగు కూడా ఉంది. పాలపిట్ట రొమ్మూ అచ్చం అంతే, పైన సన్నటి తెల్ల గీతలు.

ఐదో రంగు అయ్యాక జరిగింది అసలు దెబ్బ. వీపు రంగు ఎక్కడ మిగలాలో అక్కడ వీ ఆకారపు ఉలితో చెక్కుతున్నాను. సాయంత్రం ఆరు, వెలుతురు తగ్గింది, లైటు వేసుకుందాంలే ఈ అంచు అయ్యాక అనుకున్నాను. లినో మెత్తగా ఉంది, ఉలి జారి రెక్క మీద అడ్డంగా అంగుళం మేర గీత లేచిపోయింది. అది ముదురు నీలం రావాల్సిన చోటు. లినోలో పోయింది పోయినట్టే, అతికించినా అంచు కనబడుతుంది. టెన్షన్‌తో చెయ్యి వణికి ఉలి పక్కన పెట్టేశాను. ఆ రాత్రి అన్నం తిన్నానో లేదో కూడా గుర్తులేదు. పొద్దున్నే లేచి పలక ముందు కూర్చుని ఆలోచించి, ఆ గీతకు రెండు పక్కలా ఇంకో రెండు గీతలు సమానంగా చెక్కాను, ఈకల అంచుల మీద వెలుగు పడినట్టు అనిపించేలా. ఇప్పుడు చూసేవాళ్లకు అది తప్పు అని తెలీదు అనుకున్నాను.

ఒకసారి ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయినప్పుడు తోలుబొమ్మలు చేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. తోలుబొమ్మల పనికి 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు అది. మేకతోలు మీద ఆ పెద్దాయన చిన్న ఉలితో సుత్తి కొడుతూ నగల చుక్కలు తొలుస్తున్నాడు, ఒకదాని పక్కన ఒకటి, వందలు. వెనక దీపం పెడితే ఆ తొలిచిన చుక్కల్లోంచి వచ్చే వెలుగు వేరు, రంగులోంచి వచ్చే వెలుగు వేరు. "తప్పు పడితే ఏం జేస్తారు తాతా?" అని అడిగాను. "ఆడ ఇంకో పువ్వు పెడతాం" అన్నాడు. ఆ రోజు రెండు గీతలు చెక్కుతుంటే నా చేతిలో ఉన్నది ఆయన మాటే.

ఆరో రంగు ముదురు నీలం వేసేసరికి కాగితం మీద ఐదు పొరల ఇంకు ఉంది కదా, మెరుపెక్కి కొత్త ఇంకును సరిగ్గా పట్టుకోలేదు, అక్కడక్కడ మచ్చలు. రెండు పోయాయి. మిగతావాటిని నాలుగు రోజులు ఆరనిచ్చి, ఇంకు ఇంకా పల్చగా పరిచి రెండుసార్లు రుద్దాను. మొదటి మంచి కాగితం ఎత్తినప్పుడు ఏం జరిగిందో మాటల్లో చెప్పడం కష్టం. అప్పటిదాకా మట్టిరంగు ముద్దలా ఉన్న పిట్టకు రెక్క విచ్చుకుంది. లేత నీలం మొదట్నుంచీ అక్కడే ఉంది, రెండో రంగప్పటి నుంచీ, కానీ పక్కన ముదురు నీలం వచ్చి కూర్చునేదాకా అది నీలంలా కనిపించలేదు. అమ్మను పిలిచాను. అమ్మ వచ్చి "అబ్బ" అంది, అంతే.

ఏడోది, నిన్న రాత్రిది, నల్లరేగడి. ఉత్త నలుపు డబ్బాలోంచి తీసి వేస్తే చచ్చిన నలుపు వస్తుంది, మన రేగడి అది కాదు. నలుపులో కొంచెం ముదురు గోధుమ, చిటికెడు నీలం కలిపాను. అవ్వ ఊరి నుంచి తెచ్చుకున్న మట్టిపెళ్ల పక్కనే పెట్టుకున్నాను, దాని మీద నీళ్లు చల్లి ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. తడిసిన రంగే తీసుకున్నాను, వానలు వస్తున్నాయి కదా. చివరి కాగితాల్లో ఒకటి రుద్దుతుంటే చిరిగింది. అలా పదకొండు.

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, కడప అంటే కలివికోడి కదా, దాన్ని ఎందుకు చెయ్యవు అని. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో మన లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది, అది మన జిల్లాకు పెద్ద గర్వం, నాకూ గర్వమే. కానీ నేను దాన్ని చూడలేదు. ఫోటో చూసి చెక్కితే అది ఫోటో తీసినవాళ్ల పిట్ట అవుతుంది, నా పిట్ట కాదు. చూడని దాని రంగులు నేను ఏ వరసలో పెట్టగలను? దసరా రోజు పాలపిట్టను చూస్తే మంచిదని కొందరు పట్టి పంజరంలో పెట్టి వీధుల్లో చూపించి డబ్బులు అడుగుతారు, కాళ్లూ రెక్కలూ కట్టేసి. దయచేసి వాళ్లకు డబ్బులు ఇవ్వకండి. ముద్దనూరు రోడ్డు మీద తీగల వంక చూస్తూ పోండి చాలు, అది ఊరికే కనిపిస్తుంది.

తర్వాతి పని చిన్నది, ఆరుద్ర పురుగు. తొలకరి పడగానే మట్టి మీదికి వచ్చే ఆ ఎర్రటి మఖమల్ పురుగు. మూడు రంగులు చాలు అనుకుంటున్నాను, అందులో ఎరుపు ఒక్కటే కష్టం. ఆరుద్ర కార్తె ఇంకో పది రోజుల్లో ఉంది, కనబడితే మట్టితో సహా పళ్లెంలో పెట్టుకుని రంగు చూసుకుని మళ్లీ అక్కడే వదిలేస్తా.

పొద్దున పదకొండు అద్దకాల్లో ఒకదాన్ని ఫోటో తీసి అవ్వ ఊళ్లో ఆ పిల్లోడికి, వాళ్లమ్మ ఫోనుకు పంపాను. మొదటిది వాడికే ఇస్తానని మార్చిలోనే చెప్పి ఉన్నా. గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక బర్రె అరుస్తోంది, కోళ్లు అరుస్తున్నాయి. "బాగుందక్కా, శానా బాగుంది. తాటిచెట్టు మీద పిల్లలు ఎగిరిపోయినాయి. అక్కా, కానీ రెక్క మీద ఆ మూడు గీతలు ఉండవు. నేను మల్లా పోయి సూసొచ్చినా. లేవు."

లేవు. పలక తీసి చూశాను, దాని మీద ఇప్పుడు మిగిలింది ముక్కూ, కంటి గీతా, తీగా, అడుగున రేగడీ మాత్రమే. ఆదివారం అటు పోతున్నా, వాడి అద్దకం తీసుకుని, పెన్సిళ్లు కూడా.